నేరాల రేటు: లవం ఎంత? హారం ఎంత? సూరత్ నేర్పే పాఠం

ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ మొదలైందంటే ఎన్నో తెలుగు ఇళ్లల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. సిరిసిల్లలోనో చీరాలలోనో ఒక నేత కుటుంబం అనుకుందాం. అమ్మాయికి గుజరాత్‌లోని సూరత్‌లో సీటు వచ్చింది. 1961లో మొదలైన సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ అక్కడే ఉంది. కాలేజీ మంచిదే. కాని వాళ్ల నాన్నగారికి ఎక్కడో చదివిన వార్త ఒకటి గుర్తుకొస్తుంది: "నేరాల రేటులో సూరత్ ముందు వరుసలో!" వెంటనే ఆయన, "అంత దూరం, అంత పెద్ద ఊరు ఎందుకమ్మా? సముద్రం ఒడ్డున ఏదైనా చిన్న పట్టణంలో కాలేజీ చూసుకుంటే నిశ్చింతగా ఉంటుంది కదా!" అంటారు. ఇరవై ఏళ్లుగా సూరత్ మగ్గాల మీద పనిచేస్తున్న మేనమామ మాత్రం, "బావా, నేను ఇక్కడ రాత్రి షిఫ్టు దిగి నడిచే ఇంటికి వెళ్తాను. నీ లెక్కేమిటో నాకు అర్థం కావడం లేదు" అని ఫోనులో వాదిస్తాడు.

ఒకరిది పత్రికలో చదివిన అంకె. మరొకరిది సొంత అనుభవం. ఏది నమ్మాలి? అమ్మాయి నాలుగేళ్ల చదువు ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది. కాబట్టి ఆ అంకె ఎలా పుడుతుందో, దాని వెనుక ఉన్న గణితం ఏమిటో చూద్దాం.

రేటు అంటే ఒక భిన్నం

మన దేశంలో నేరాల లెక్కలను జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురిస్తుంది. ఈ సంస్థ 1986లో ఏర్పడింది. అయితే 'భారత్‌లో నేరాలు' అనే వార్షిక నివేదిక అంతకంటె పాతది. దాని మొదటి సంచిక 1953 సంవత్సరానికి సంబంధించినది. ఈ నివేదికలో ప్రతి రాష్ట్రానికీ, 2011 జనగణన ప్రకారం 20 లక్షలకు మించి జనాభా ఉన్న 19 మహానగరాలకూ విడివిడిగా పట్టికలు ఉంటాయి. ఆ 19లో సూరత్ ఒకటి.

కేసుల మొత్తం సంఖ్యను బట్టి ఊళ్లను పోల్చడం కుదరదు. 50 వేల మంది ఉన్న పట్టణంలో ఏడాదికి 150 కేసులు, 45.8 లక్షల మంది ఉన్న నగరంలో 12,000 కేసులు నమోదయ్యాయనుకుందాం. ఇవి మనం ఊహించుకున్న అంకెలే. నగరంలో కేసులు 80 రెట్లు ఎక్కువ. కాని లక్ష జనాభాకు లెక్క కడితే పట్టణంలో 300, నగరంలో 262. అంటే రేటు పట్టణంలోనే ఎక్కువ! అందుకే గణాంక శాస్త్రజ్ఞులు ఎప్పుడూ లక్ష జనాభాకు ఇన్ని అని చెబుతారు.

ఇంతవరకు తేలికే. కాని భిన్నానికి లవం, హారం అని రెండు భాగాలున్నాయి. లవంలో నమోదైన కేసులు, హారంలో జనాభా. ఈ రెండింటిలో ఏది తప్పినా భిన్నం తప్పుతుంది. ఒక్కొక్కటే పరీక్షిద్దాం.

లవంలో ఉన్నది నేరాలు కావు, కేసులు

పోలీసు లెక్కలోకి వచ్చేది జరిగిన నేరం కాదు, నమోదైన నేరం. ఈ రెండింటి మధ్య పెద్ద అగాధం ఉంది. బస్సులో జేబు కత్తిరించబడిన వారిలో ఎంతమంది పోలీసు స్టేషన్‌కు వెళ్తారు? వెళ్లినవారిలో ఎంతమంది ఫిర్యాదు ఎఫ్.ఐ.ఆర్. అవుతుంది? ఫోను దొంగతనం ఫిర్యాదు తరచు 'పోగొట్టుకున్న వస్తువు' కాగితంగా మారిపోతుందన్నది చాలామందికి అనుభవమే. పోలీసులు వారెంటు లేకుండా దర్యాప్తు చేయగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరిగా నమోదు చేయాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులో తీర్పు చెప్పింది. అటువంటి తీర్పు అవసరమైందంటేనే అసలు పరిస్థితి అర్థమవుతుంది.

నమోదు కాని నేరాలను తెలుసుకోవడానికి వేరే మార్గం ఉంది. నేరుగా ఇంటింటికీ వెళ్లి, "గత ఏడాదిలో మీకు ఏదైనా నేరం వల్ల నష్టం జరిగిందా?" అని అడగడం. దీన్ని బాధితుల సర్వే అంటారు. అమెరికాలో ఇది 1970లలో, బ్రిటన్‌లో 1982లో మొదలై ఇప్పటికీ కొనసాగుతోంది. మన దేశంలో పోలీసు నేరాలన్నిటికీ ఇలాంటి జాతీయ సర్వే క్రమం తప్పకుండా జరగడం లేదు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగుళూరులలో ఒక పరిశోధన సంస్థ 2017లో ప్రచురించిన సర్వేలో, దొంగతనానికి గురైనవారిలో ఎఫ్.ఐ.ఆర్. దాకా వెళ్లినవారు పది శాతం కంటె తక్కువేనని తేలింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత 2019-21లో జరిగింది. శారీరక లేదా లైంగిక హింసను అనుభవించిన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే అని అది చెప్పింది. ఈ సహాయంలోనూ ఎక్కువ భాగం పుట్టింటివారు, అత్తింటివారు, స్నేహితుల నుంచి కోరినదే. పోలీసుల దాకా వెళ్లినవారు ఇంకా తక్కువ.

దీన్నిబట్టి ఒక వింత ఫలితం వస్తుంది. ఫిర్యాదు చేయడం సులువైతే నేరాల రేటు పెరుగుతుంది! ఢిల్లీలో వాహన దొంగతనాలకు ఇంటర్నెట్ ద్వారానే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసే ఏర్పాటు 2015లో వచ్చింది. 2022 నివేదికలో శిక్షాస్మృతి కింద ఢిల్లీ నగరం రేటు లక్షకు 1,832.6. కోల్‌కతా రేటు 86.5. పుణె 280.7, హైదరాబాదు 299.2. అంటే ఢిల్లీవాసికి కోల్‌కతావాసికంటె 21 రెట్లు ప్రమాదం ఉందా? అంత తేడా జనం ప్రవర్తనలో ఉండడం కష్టం. దానిలో గణనీయమైన భాగం నమోదు చేసే పద్ధతిలోని తేడా. గుజరాత్‌లో కూడా వాహనాలు, సెల్‌ఫోన్ల దొంగతనాలకు ఇంటి నుంచే ఎఫ్.ఐ.ఆర్. ఇచ్చే సౌకర్యం 2022 జూలైలో మొదలైంది. కాబట్టి అంతకు ముందు సూరత్ అంకెలను, తర్వాతి అంకెలను పక్కపక్కన పెట్టి "దొంగలు పెరిగారు" అనడం తొందరపాటు. నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని బ్యూరో కూడా తన నివేదికలలో హెచ్చరిస్తూనే ఉంటుంది.

లవంలో మరో చిక్కు ఉంది. ఒకే సంఘటనలో దోపిడీ, హత్య రెండూ జరిగితే లెక్కలోకి వచ్చేది పెద్ద నేరమైన హత్య మాత్రమే. దీన్ని ప్రధాన నేర సూత్రం అంటారు. చిన్న నేరాలు ఇలా పట్టికల నుంచి జారిపోతాయి.

2020లో ఏం జరిగింది?

లవం ఎంత మాయ చేయగలదో 2020 సంవత్సరం చూపించింది. ఆ ఏడాది దేశంలో నమోదైన మొత్తం నేరాలు 66,01,285. అంతకు ముందు ఏడాది 51,56,158. అంటే 28 శాతం పెరుగుదల! కాని ఆ ఏడాది రెండు నెలలకు పైగా దేశమంతా ఇళ్లలోనే ఉంది. దొంగతనాలు సుమారు 6.75 లక్షల నుంచి 4.93 లక్షలకు తగ్గాయి. మరి పెరిగినవేమిటి?

భారత శిక్షాస్మృతిలో 188వ సెక్షన్ ఉండేది. ప్రభుత్వాధికారి జారీచేసిన ఉత్తర్వును ఉల్లంఘించడం దాని కింద నేరం. 2019లో ఈ సెక్షన్ కింద కేసులు 29,469. 2020లో 6,12,179. లాక్‌డౌన్‌లో బయట తిరిగినవారు, మాస్కు లేనివారు, దుకాణం తెరిచినవారు, అందరూ 'నేరాల' లెక్కలో చేరారు. తమిళనాడులో శిక్షాస్మృతి కేసులు ఒక్క ఏడాదిలో అయిదు రెట్లకు పెరిగాయి. గుజరాత్‌లో రెట్టింపు దాటాయి. మగ్గాలు ఆగిపోయి, కూలి లేక, సొంత ఊళ్లకు రైళ్లు నడపమని వేలమంది వలస కార్మికులు వీధుల్లోకి వచ్చిన సూరత్ ఈ రాష్ట్రంలోనిదే. ఆ ఏడాది అంకె చూసి ఒక నగరాన్ని 'నేరాల రాజధాని' అనడం, జ్వరమాపకాన్ని ఎండలో పెట్టి రోగికి జ్వరం వచ్చిందనడం లాంటిది.

అయితే నమ్మదగిన లవం ఏదీ లేదా? ఉంది. అది హత్యల సంఖ్య. పర్సు పోతే ఊరుకోవచ్చు గాని, శవాన్ని దాచడం కష్టం. అందుకే ప్రపంచమంతటా దేశాలను పోల్చడానికి హత్యల రేటునే వాడతారు. మన దేశంలో 2019లో సుమారు 28,900, 2020లో 29,193, 2022లో 28,522 హత్యలు నమోదయ్యాయి. మొత్తం నేరాలు 28 శాతం ఎగిసిన ఏడాదిలో హత్యలు ఒక్క శాతం మాత్రమే పెరిగాయన్నమాట. 2022లో రేటు లక్షకు 2.1. 1992లో అది దాదాపు 4.6. ప్రపంచ సగటు 2021లో 5.8. మన దేశంలో హత్యల రేటు మూడు దశాబ్దాలలో సగానికి పైగా తగ్గిందని దిన పత్రికలు చదివేవారిలో ఎంతమందికి తెలుసు?

హారం పాతబడితే?

ఇప్పుడు భిన్నం కింది భాగానికి వద్దాం. సూరత్ మహానగర ప్రాంత జనాభా 1991లో 15 లక్షలు, 2001లో 28 లక్షలు, 2011లో 46 లక్షలు. చివరి పదేళ్లలోనే 63 శాతం పెరుగుదల. దేశంలో అతి వేగంగా పెరిగిన నగరాలలో ఇది ఒకటి.

మహానగరాల నేరాల రేటు కట్టేటప్పుడు బ్యూరో హారంగా 2011 జనగణన సంఖ్యనే వాడుతూ వచ్చింది. 2022 నివేదికలో కూడా సూరత్ జనాభా 45.8 లక్షలే. అంటే లవం 2022 నాటిది, హారం 2011 నాటిది! 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి 2027కు మారింది కనుక కొత్త హారం దొరకలేదు.

దీని ప్రభావం ఎంత? 2011 తర్వాత సూరత్ అంతకు ముందు వేగంలో సగం వేగంతోనే పెరిగిందనుకున్నా 2021 నాటికి జనాభా 60 లక్షలు అవుతుంది. ఇందాకటి ఊహా అంకె 12,000 కేసులనే తీసుకోండి. 45.8 లక్షలతో భాగిస్తే రేటు 262. 60 లక్షలతో భాగిస్తే 200. ఒక్క నేరం కూడా తగ్గకుండానే రేటు దాదాపు నాలుగో వంతు తగ్గింది. పెరుగుదల నెమ్మదించిన నగరానికి ఈ దోషం తక్కువ, శరవేగంగా పెరిగే నగరానికి ఎక్కువ. కాబట్టి పాత హారం సూరత్ వంటి ఊళ్లకే ఎక్కువ అన్యాయం చేస్తుంది.

ఎవరు ఉన్నారన్నది కూడా లెక్కే

సూరత్‌కు జనం ఎక్కడి నుంచి వచ్చారు? ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి, మన తెలంగాణ నుంచి. మరమగ్గాలు, అద్దకం మిల్లులు, వజ్రాల సానకేంద్రాలు వారికి పని ఇచ్చాయి. లింబాయత్ వంటి పేటలలో పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతూ వచ్చింది. కుటుంబాలను ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన యువకులు ఇంకా ఎక్కువమంది. అందుకే 2011లో సూరత్‌లో ప్రతి వెయ్యిమంది పురుషులకు స్త్రీలు సుమారు 760 మందే. సూరత్‌కు దక్షిణాన, అదే తీరం మీద ఉన్న దమన్ అనే చిన్న పట్టణం సంగతి ఇంకా విచిత్రం. ఫ్యాక్టరీల వల్ల దమన్ జిల్లాలో ఆ నిష్పత్తి 534. ఆ జనగణనలో దేశంలోకెల్లా అత్యల్పం అదే.

దీనికీ నేరాలకూ సంబంధం ఏమిటి? ఫ్రాన్సు ప్రభుత్వం 1827 నుంచి నేరాల లెక్కలు ప్రచురించసాగింది. వాటిని పరిశీలించిన బెల్జియం శాస్త్రజ్ఞుడు క్వెటలె ఒక క్రమాన్ని గమనించాడు. ఏ ప్రాంతంలోనైనా, ఏ ఏడాదిలోనైనా నిందితులలో అధికభాగం యువకులే. యుక్తవయసులో పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గే ఈ వక్రరేఖ అనంతరం ఎన్నో దేశాలలో కనిపించింది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఏ ఊరివారైనా సరే, యువకులలో నేరాల రేటు లక్షకు 900, మిగతావారిలో 100 అనుకుందాం. మొదటి ఊళ్లో యువకులు 20 శాతం. ఆ ఊరి రేటు: 0.20 × 900 + 0.80 × 100 = 260. రెండవ ఊళ్లో యువకులు 30 శాతం. దాని రేటు: 0.30 × 900 + 0.70 × 100 = 340. రెండు ఊళ్లలోనూ మనుషుల స్వభావం అణువంతైనా తేడా లేదు. అయినా రెండవ ఊరి రేటు 30 శాతానికి పైగా ఎక్కువ! "బయటివాళ్లు వచ్చాకే ఊరు చెడిపోయింది" అనే మాట వలస కార్మికులున్న ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. ఆ మాట అనేముందు వయసు, లింగం తేడాలను సరిచేసి పోల్చాలి. దీనికి ప్రామాణీకరణ అని పేరు. మరణాల రేట్లను పోల్చేటప్పుడు వైద్య శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. పైగా ఒకే గదిలో షిఫ్టులవారీగా పడుకునే కార్మికుడు, జీతం నగదుగా తీసుకుని రాత్రి నడిచి వెళ్లే కార్మికుడు, నేరానికి బాధితుడు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

చిన్న ఊరి చపలత్వం

ఇప్పుడు నాన్నగారి రెండవ నమ్మకానికి వద్దాం. సముద్రం ఒడ్డున చిన్న పట్టణమైతే నిశ్చింత. నిజమేనా?

50 వేల జనాభా ఉన్న పట్టణాన్ని తీసుకోండి. దేశ సగటు రేటు 2.1 అక్కడా ఉంటే ఏడాదికి సగటున సుమారు ఒక హత్య జరగాలి. కాని సగటున ఒకటి అంటే ప్రతి ఏడాదీ సరిగ్గా ఒకటి అని కాదు. ఇటువంటి అరుదైన సంఘటనలకు పాయిజాన్ విభాజనం వర్తిస్తుంది. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు పాయిజాన్ దీన్ని 1837లో ప్రచురించిన గ్రంథంలో చూపించాడు. ఆ గ్రంథం దేని గురించో తెలుసా? నేర విచారణలలోనూ, సివిల్ వ్యాజ్యాలలోనూ తీర్పుల సంభావ్యత గురించి!

ఈ సూత్రం నిజజీవితంలో పనిచేస్తుందని 1898లో బోర్ట్‌కీవిచ్ నిరూపించాడు. ప్రష్యా అశ్విక దళాలలో గుర్రం తన్నడం వల్ల చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. 10 దళాలు, 20 ఏళ్లు, అంటే 200 దళ-సంవత్సరాలు. మొత్తం 122 మరణాలు. వాటిలో 109 సార్లు ఒక్క మరణమూ లేదు. 65 సార్లు ఒకటి, 22 సార్లు రెండు, 3 సార్లు మూడు, ఒక్కసారి నాలుగు. పాయిజాన్ సూత్రం చెప్పే సంఖ్యలు 109, 66, 20, 4, 1. నాలుగు మరణాలు జరిగిన ఏడాది ఆ దళంలో గుర్రాలకు పిచ్చి పట్టలేదు. అది కేవలం యాదృచ్ఛికం.

మన 50 వేల పట్టణాలు వంద ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకేలాంటివి, అన్నిటిలోనూ సగటు ఒకటే. సూత్రం ప్రకారం ఏదో ఒక ఏడాదిలో 37 పట్టణాలలో హత్యలు సున్నా. 37లో ఒకటి. 18లో రెండు. మిగిలిన 8లో మూడు లేక అంతకంటె ఎక్కువ. పత్రికలలో ఏమి వస్తుంది? ఆ 37 పట్టణాలు 'ప్రశాంత తీరాలు' అవుతాయి. ఆ 8 పట్టణాల రేటు లక్షకు 6 లేక అంతకంటె ఎక్కువ అవుతుంది కాబట్టి, దేశ సగటుకు దాదాపు మూడు రెట్లు అంటూ పెద్ద శీర్షికలు వస్తాయి. మరుసటి ఏడాది జాబితాలు తారుమారవుతాయి. 2011లో 64,473 మంది ఉన్న లక్షదీవులలో ఒక్క హత్య జరిగితే చాలు, రేటు సున్నా నుంచి 1.55కు గెంతుతుంది.

పెద్ద నగరంలో ఈ చపలత్వం తక్కువ. 45.8 లక్షల జనాభాకు 2.1 చొప్పున లెక్కిస్తే హత్యలు 96 రావాలి. ఇది సూరత్ అసలు సంఖ్య కాదు, పోలిక కోసం కట్టినది. పాయిజాన్ విభాజనంలో ప్రామాణిక విచలనం సగటుకు వర్గమూలం. 96కు వర్గమూలం దాదాపు 10. అంటే ఏ మార్పూ లేకపోయినా 76 నుంచి 116 వరకు ఊగిసలాట సహజం. ఇది 20 శాతం. చిన్న పట్టణంలోనైతే 100 శాతం, 200 శాతం! కాబట్టి చిన్న ఊరి రేటును ఒక్క ఏడాదితో తీర్పు చెప్పకూడదు. అయిదు, పదేళ్ల లెక్కలు కలిపి చూడాలి.

తీర పట్టణాలకు మరో ఇబ్బంది. సూరత్ దగ్గరి డుమస్ బీచికి ఆదివారం సాయంత్రం నగరమంతా కదిలివస్తుంది. పర్యాటకుల తాకిడి ఉండే చిన్న పట్టణంలో సందర్శకుడి సంచీ పోతే లవంలో చేరుతుంది, కాని సందర్శకుడు హారంలో ఉండడు. స్థానికులకు ఏ ప్రమాదమూ పెరగకుండానే ఆ ఊరి రేటు పెరిగిపోతుంది.

కెమెరా పెట్టారు, నేరం తగ్గింది: అంతేనా?

సూరత్ పోలీసులు 2013లో 'సేఫ్ సిటీ' పథకం కింద కూడళ్లలో సీసీ కెమెరాలు అమర్చి, ఒకే కేంద్రం నుంచి పరిశీలించడం మొదలుపెట్టారు. ఇటువంటి పథకాలలో దేశంలో ముందువాటిలో ఇదొకటి. కెమెరాల వల్ల నేరాలు తగ్గుతాయా?

దీనికి జవాబు చెప్పాలంటే 'ముందు-తర్వాత' పోలిక చాలదు. ఒక పట్టణంలో ఒక ఏడాది అనుకోకుండా నాలుగు హత్యలు జరిగాయి. జనం ఆందోళన చేశారు. కెమెరాలు పెట్టారు. మరుసటి ఏడాది ఒక్కటే జరిగింది. కెమెరాల మహిమ అంటారు. కాని కెమెరాలు పెట్టకపోయినా సంఖ్య సగటు వైపు దిగివచ్చేదే! దీన్ని సగటుకు తిరోగమనం అంటారు. అందుకే కెమెరాలు పెట్టిన పేటను, పెట్టని అటువంటి పేటతో పోల్చాలి.

అలా పోల్చిన నలభై ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించి 2019లో ఒక సమీక్ష వెలువడింది. కెమెరాలున్నచోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. ఎక్కువ ఫలితం కార్లు, వాహనాలు నిలిపే స్థలాలలో. హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. వీధి దీపాల మీద ఇలాంటి సమీక్ష 2008లో వచ్చింది. అందులో తగ్గుదల 21 శాతం. కెమెరా కంటె మామూలు దీపం తీసిపోలేదన్నమాట.

ఇంకో విషయం. నేరాలు ఊరంతా సమంగా పరచుకుని ఉండవు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్లను 1989లో విశ్లేషిస్తే, సగం ఫోన్లు కేవలం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. కాబట్టి "సూరత్ భద్రమైనదేనా?" అన్న ప్రశ్న కంటె, "హాస్టల్ నుంచి బస్టాపు దాకా దారిలో దీపాలున్నాయా? రాత్రి తొమ్మిదికి ఆ దారిలో మనుషులుంటారా?" అన్న ప్రశ్న ఎక్కువ శాస్త్రీయం.

భద్రత అంటే నేరం లేకపోవడమేనా?

2019 మే 24న సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో ఒక వ్యాపార భవనానికి నిప్పంటుకుంది. పైఅంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతున్నాయి. బయటపడే దారి మూసుకుపోయింది. 22 మంది విద్యార్థులు మరణించారు. కొందరు కిటికీల నుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2022 జనవరిలో సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్ నుంచి కాలువలోకి వదిలిన రసాయనాల వల్ల విషవాయువు వెలువడి ఆరుగురు కార్మికులు చనిపోయారు. 2021 జనవరిలో సూరత్ జిల్లా కోసంబా దగ్గర రోడ్డు పక్కన నిద్రిస్తున్న 15 మంది కూలీల మీదుగా లారీ వెళ్లింది. "ఈ ఊరు భద్రమా?" అని అడిగేటప్పుడు మనం దొంగల గురించి అడుగుతాం. అత్యవసర ద్వారం గురించి అడగం.

దేశం మొత్తం మీద కూడా ఇదే పరిస్థితి. 2022లో హత్యకు గురైన కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారు 1,68,491 మంది. దాదాపు ఆరు రెట్లు! నీట మునిగి చనిపోయినవారు 36 వేల కంటె ఎక్కువ. అంటే దేశంలో హంతకుడి కంటె నీరే ఎక్కువమందిని బలిగొంటోంది. తీర పట్టణానికి ఇది మరీ ముఖ్యం. సూరత్ ఉన్న ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల మధ్య తేడా దేశంలోకెల్లా అత్యధికం. ప్రవాహం బలంగా ఉంటుంది. అక్కడైనా, మన తీరంలోనైనా, సెలవురోజు అలల్లోకి దిగే విద్యార్థికి జేబుదొంగ కంటె సముద్రం పెద్ద ప్రమాదం.

చేసి చూడండి

పాయిజాన్ సూత్రాన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక కాగితం మీద 100 గడులు గీసి 00 నుంచి 99 వరకు అంకెలు వేయండి. ఒక్కో గడి ఒక్కో చిన్న పట్టణం. రోడ్డు పక్కన నిలబడి, వెళ్లే 100 వాహనాల నంబర్లలో చివరి రెండు అంకెలు రాసుకోండి. ఆ అంకె ఉన్న గడిలో ఒక చుక్క పెట్టండి. చివర్లో లెక్కించండి. 37కు దగ్గరగా గడులు ఖాళీగా ఉంటాయి. ఏడెనిమిది గడులలో మూడు లేక ఎక్కువ చుక్కలుంటాయి. ఆ గడులు చేసిన పాపం ఏమిటి? ఏమీ లేదు. మర్నాడు మళ్లీ చేయండి. 'నేరాల రాజధానులు' మారిపోతాయి.

తర్వాత మీ ఊరి నేరాల గురించి పత్రికలో వార్త వస్తే నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ నేరాలను లెక్కించారు? నమోదు పద్ధతి ఈ మధ్య ఏమైనా మారిందా? జనాభా ఏ సంవత్సరానిది? ఇది ఒక్క ఏడాది లెక్కా, పదేళ్లదా?

ఇక మన అమ్మాయి సంగతి. సూరత్‌లో భయమే లేదని ఈ వ్యాసం చెప్పడం లేదు. నమోదుకాని నేరాలు అక్కడా ఉంటాయి, చిన్న పట్టణంలోనూ ఉంటాయి. సున్నా అని పట్టికలో కనిపించినచోట ఫిర్యాదు చేయడానికి ధైర్యం చాలని ఆడపిల్ల ఉండవచ్చు. నాన్నగారు ఆరా తీయవలసింది జాబితాలో సూరత్ ఎన్నో స్థానంలో ఉందని కాదు. హాస్టల్ దారిలో దీపాలున్నాయా, భవనానికి రెండవ మెట్లదారి ఉందా, అమ్మాయి ఫిర్యాదు చేస్తే వినే నాథుడు ఉన్నాడా అన్నవి. ఆ సమాధానాలు ఏ పట్టికలోనూ దొరకవు. వాటికోసం మేనమామను ఒకసారి ఆ దారిలో సాయంత్రం నడిచి రమ్మనడమే మంచిది.